బేస్‌మెంట్ దగ్గర ఆగిన ఇల్లు లేవాలంటే: ఊరి కుర్రకారు చేయాల్సిన పనులు

నెల్లూరు జిల్లాలో ఏ కొత్త కాలనీకి పోయినా ఒకటో రెండో ఇళ్ళు ఇలా కనిపిస్తాయి. బేస్‌మెంట్ దాకా లేచి అక్కడే ఆగిపోయి ఉంటాయి. లోపల గదులు ఉండాల్సిన చోట చిల్లచెట్లు మొలిచి ఉంటాయి. పక్కనే టార్పాలిన్ కప్పిన గుడిసెలో ఆ ఇంటివాళ్ళే కాపురం ఉంటారు.

ఎందుకు ఆగిందని అడిగితే అందరూ డబ్బు మాటే చెబుతారు. అది నిజమే, కానీ అంతా అదే కాదు. ప్రభుత్వ బిల్లు ఒక దశ పని పూర్తయ్యాక వస్తుంది. ఆ దశ పూర్తి కావాలంటే ఇంటివాళ్ళు పని దగ్గర నిలబడాలి. వాళ్ళేమో రోజు కూలీకి పోతే తప్ప పూట గడవని వాళ్ళు. సిమెంట్ దించుకోవడానికి ఒక రోజు, గ్రామ సచివాలయానికి తిరగడానికి రెండు రోజులు, గోడలకు నీళ్ళు పట్టడానికి వారం. ఇన్ని రోజుల కూలీ పోగొట్టుకుని ఇల్లు కట్టుకోవడం వాళ్ళ వల్ల కాదు. మీరు ఇవ్వగలిగింది ఆ రోజులే. ఇటుక పేర్చడం మీకు రాకపోయినా ఫర్వాలేదు, దానికి మేస్త్రీలు ఉన్నారు.

కోవూరు పక్క మా ఊళ్ళో పది పన్నెండు మందిమి ఈ పని మొదలుపెట్టి నాలుగేళ్ళు దాటింది. మాలో ఒక్కొక్కరిది ఒక్కో చదువు, ఒక్కో ఉద్యోగం. ఎలా చేయాలో, ఎక్కడ తప్పు చేశామో రాస్తున్నాను.

ముందు కాలనీ అంతా తిరగండి

ఒక ఆదివారం పొద్దున ఇద్దరు ముగ్గురు కలిసి లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరండి. ఆగిన ప్రతి ఇంటికీ ఒక పేజీ కేటాయించండి. పట్టా ఎవరి పేరున ఉంది, ఏ పథకంలో వచ్చింది, ఏ సంవత్సరం మంజూరైంది, చివరి బిల్లు ఎప్పుడు పడింది, ఇంట్లో పని చేయగలిగిన వాళ్ళు ఎందరు, ఇవి రాసుకుంటే చాలు. పథకం, సంవత్సరం తప్పకుండా రాయండి. వచ్చే డబ్బు వాటిని బట్టే మారుతుంది.

పని ఎక్కడ ఆగిందో సచివాలయం వాళ్ళు వాడే మాటల్లోనే రాసుకోండి. బేస్‌మెంట్ ఇంకా పూర్తి కాకపోతే బీబీఎల్, పూర్తయితే బీఎల్. గోడలు పైకప్పు ఎత్తుకు లేస్తే ఆర్ఎల్, స్లాబ్ పడితే ఆర్సీ. రేపు ఆఫీసులో "అన్నా, ఈ ఇల్లు బీఎల్ అయింది, ఫొటో పడలేదు" అని అడిగితే వెంటనే పని జరుగుతుంది. "ఇల్లు సగంలో ఉంది" అంటే మళ్ళీ రమ్మంటారు.

మొదటిసారి ఒక్క ఇల్లే తీసుకోండి. ఒంటరి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, వికలాంగులు ఉన్న ఇల్లైతే మంచిది. తీసుకునే ముందు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి అడగండి. మా మొదటి ఇల్లు ఒక అవ్వది. ఆమె, పదేళ్ళ మనవరాలు, ఇద్దరే. మేము వెళ్ళి గోడల గురించి, ఇటుకల గురించి చాలాసేపు మాట్లాడాం. ఆమె బేస్‌మెంట్ మీద కూర్చుని అంతా విని, "గోడలు తర్వాత నాయనా, ముందు ఈ కంప కొట్టండి. పాములొస్తా ఉండాయి, పిల్ల బయటికి పోవాలంటే భయపడతా ఉంది" అంది. మేము చేసిన మొదటి ఇంటి పని చిల్లకంప కొట్టడం. ఏ పని ముందో మీకంటే వాళ్ళకే బాగా తెలుసు.

కాగితాలు

తాపీ పట్టే ముందు చేయాల్సిన పని ఇది. పట్టా, ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, జాబ్ కార్డు, అన్నీ ఒక చాప మీద పరిచి పేర్లు సరిచూడండి. ఒకదానిలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు. పాస్‌బుక్ ఉంటుంది, కానీ ఏళ్ళ తరబడి వాడక ఖాతా నిలిచిపోయి ఉంటుంది. బిల్లు నేరుగా ఖాతాలో పడాలి కాబట్టి ఆధార్ లింకు ఉందో లేదో బ్యాంకులో అడిగించండి.

మన జిల్లాలో ఎస్టీల్లో ఎక్కువ మంది యానాదులు. చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటూ పని ఎక్కడుంటే అక్కడికి కదిలే కుటుంబాలు చాలా ఉన్నాయి. కొందరికి ఆధారే ఉండదు, ఉన్నా అడ్రసు వేరే ఊరిది. ఇలాంటి ఇంటికి ఇటుకలు మోయడం కన్నా ఒక రోజు ఆధార్ సెంటర్‌కు తోడు వెళ్ళడం పెద్ద సాయం. యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు ఉంది, అక్కడికీ తీసుకెళ్ళండి.

ఇంటివాళ్ళకు తెలియక పోగొట్టుకునేవి కొన్ని ఉన్నాయి. కట్టుబడి మధ్యలో ఉన్న ఇళ్ళకు 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగలకు లక్ష. మీరు తీసుకున్న ఇల్లు దాని కిందికి వస్తుందా అని సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను అడగండి. గ్రామాల్లో పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) ఇళ్ళకు ఇంటి సొమ్ముతో పాటు మైదాన ప్రాంతంలో 90 రోజుల ఉపాధి కూలీ కూడా నిబంధనల్లో ఉంది. మరుగుదొడ్డికి స్వచ్ఛ భారత్ కింద 12 వేలు వేరు. ఇవి ఇప్పుడు ఏ పద్ధతిలో ఇస్తున్నారో ఎంపీడీవో ఆఫీసులో కనుక్కోండి.

ప్రతి దశకూ ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చి ఇంటి దగ్గరే ఫొటో తీసి అప్‌లోడ్ చేయాలి. ఆ ఫొటో పడితేనే బిల్లు కదులుతుంది. పని అయిన మర్నాడే వెళ్ళి చెప్పండి. నెల రోజులు ఆగిన బిల్లుల్లో కొన్ని, ఎవరూ వెళ్ళి చెప్పనందువల్లే ఆగాయని మా అనుభవం.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఇంటివాళ్ళ డబ్బు మీ చేతిలోకి రాకూడదు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్ మీ దగ్గర పెట్టుకోవద్దు, ఓటీపీ అడగొద్దు. దుకాణంలో వాళ్ళే కట్టాలి, బిల్లు వాళ్ళ పేరునే ఉండాలి. మీరు లెక్క రాసి పెట్టండి, అంతే. పార్టీ కండువాలు, ఫ్లెక్సీలు కాలనీలోకి తేవొద్దు. ఇంటివాళ్ళ గుడిసె ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టొద్దు. వాళ్ళ పేదరికం పది మందికి చూపించుకోవాలని వాళ్ళకు ఉండదు.

ఏ నెలలో ఏ పని

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు ఊళ్ళు మునగడం ఎవరూ మరచిపోలేదు. అందుకని సంక్రాంతి తర్వాత పని మొదలుపెట్టి, అక్టోబరు లోపు ఇంటి మీద కప్పు పడేలా చూసుకోండి. మార్చి, ఏప్రిల్‌లో వరికోతలు. అప్పుడు ఇంటివాళ్ళను పొలం పనికి పోనివ్వండి, వాళ్ళకు నాలుగు రూపాయలు కనపడేది ఆ రోజుల్లోనే. ఏప్రిల్ చివర నుంచి కాలేజీలకు సెలవులు. గోడలు, స్లాబ్ ఆ రెండు నెలల్లో పెట్టుకుంటే మీ చేతులూ ఖాళీగా ఉంటాయి.

డిగ్రీ చదివే వాళ్ళు ఎన్ఎస్ఎస్‌లో ఉంటే మీ ప్రోగ్రాం ఆఫీసర్‌తో మాట్లాడండి. రెండేళ్ళలో 240 గంటల సేవ ఎలాగూ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరాన్ని ఆ కాలనీలోనే పెట్టించుకోగలిగితే ఒక ఇంటి పని ఎంతో ముందుకు పోతుంది. ఐటీఐ, పాలిటెక్నిక్ సివిల్ పిల్లలు ఒకరిద్దరిని కలుపుకోండి.

మేస్త్రీతో ముందే మాట

మేస్త్రీని ఇంటివాళ్ళే కుదుర్చుకోవాలి. మీరు వెళ్ళి కూర్చుని రేటు, దశల వారీగా ఎంత ఇవ్వాలి అన్నది కాగితం మీద రాయించండి. మీరు ఏ పని చేస్తారు, ఏ పని చేయరు అన్నదీ అప్పుడే తేల్చుకోండి. కాలనీలోని కూలీల పని మీరు ఉచితంగా చేసి వాళ్ళ నోటికాడ కూడు తీయకూడదు. ఇంటివాళ్ళు కూలీ మానుకుని చేసుకోవాల్సిన పనులే మీరు అందుకోండి. లారీ నుంచి ఇటుకలు, సిమెంట్ దించడం, ఇసుక జల్లించడం, ఇటుకలు తడపడం, నీళ్ళు పట్టడం, రాత్రి కాపలా. ఇంటివాళ్ళు కూడా తమ చేతనైనంత పని చేయాలి. పేదల ఇళ్ళ కోసం పనిచేసే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ 1983లో మన దేశంలో తొలి పని మొదలుపెట్టింది ఖమ్మంలో. ఇంటివాళ్ళ చెమటా అందులో ఉండాలన్నది వాళ్ళ పద్ధతి. అవ్వ ఇంట్లో ఆమె మనవరాలు సాయంత్రం బడి నుంచి వచ్చి ఇటుకలు లెక్కపెట్టి రాసేది.

గోడలు ఇంకా మొదలు కాకపోతే రాట్ ట్రాప్ బాండ్ గురించి మేస్త్రీని అడగండి. కేరళలో లారీ బేకర్ ప్రచారం చేసిన పద్ధతి ఇది. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదలడం వల్ల దాదాపు నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి. కానీ ఇదివరకు చేసిన మేస్త్రీ దొరికితేనే చేయించండి, పేదవాడి గోడ మీద నేర్చుకోనివ్వొద్దు.

పునాది నుంచి మొదలయ్యే ఇల్లైతే, 2021లో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఆ వీధిలో ముసలివాళ్ళను అడిగి, బేస్‌మెంట్ అంతకంటే అడుగు ఎక్కువ ఉండేలా చూడండి.

ఇసుక, సిమెంట్

2024 జూలై నుంచి ఇసుక ఉచితమే, అయినా లోడింగ్, రవాణా ఖర్చులు మనవే. రెండు మూడు ఇళ్ళకు కలిపి ట్రాక్టర్ మాట్లాడితే తగ్గుతుంది. వచ్చిన ఇసుకను దించుకునే ముందు పరీక్ష చేయండి. ఖాళీ నీళ్ళ సీసాలో సగం దాకా ఇసుక పోసి, ఉప్పు కలిపిన నీళ్ళు ముప్పావు దాకా నింపి, మూత పెట్టి బాగా ఊపి, మూడు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక అడుగున కూర్చుంటుంది, మట్టి దాని మీద బురద పొరలా తేలుతుంది. ఇసుక 10 సెంటీమీటర్లు ఉంటే ఆ పొర 8 మిల్లీమీటర్లకు మించకూడదు. సీసాను ఎండకు పెట్టి చూస్తే పొర గీత గీసినట్టు కనిపిస్తుంది. ట్రాక్టర్ డ్రైవర్‌కూ చూపించండి, మరుసటి లోడు బాగా వస్తుంది.

మైపాడు, తుమ్మలపెంట, ఇటు ప్రకాశం వైపు కొత్తపట్నం, ఇలా సముద్రం ఒడ్డు ఊళ్ళలో బీచ్ ఇసుక పక్కనే దొరుకుతుంది. దాన్ని కాంక్రీట్‌లో వాడనివ్వొద్దు. అందులోని ఉప్పుకు లోపలి ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, కొన్నేళ్ళకు స్లాబ్ పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఉప్పు బోరు నీళ్ళదీ ఇదే సంగతి. తాగడానికి పనికొచ్చే నీళ్ళతోనే కాంక్రీట్ కలపాలి.

సిమెంట్ విషయంలో మేము చేసిన తప్పు చెబుతాను. మొదటి ఏడాది నవంబరులో ఇరవై బస్తాలు ఒక గుడిసెలో నేల మీదే దించి పెట్టాం. ఆ రాత్రి వాన పడింది. పొద్దున అడుగున ఉన్న ఏడు బస్తాలు రాళ్ళయిపోయాయి. ఆ ఇంటాయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, వాటిని మెట్ల కింద వేద్దాంలే అన్నాడు. ఆ డబ్బు మేమంతా వేసుకుని తిరిగి కొనిచ్చాం, కానీ పది రోజులు పని ఆగింది. అప్పటి నుంచి ఇటుకల మీద చెక్కలు పరిచి, గోడకు అడుగు దూరంలో, పది బస్తాల ఎత్తుకు మించకుండా పేర్చి, పైన టార్పాలిన్ కప్పుతున్నాం. ముందు వచ్చిన బస్తా ముందు వాడాలి. మూడు నెలలు దాటిన సిమెంట్‌ను నమ్మొద్దు.

నీళ్ళు పట్టడం

ఈ ఒక్క పని సరిగ్గా చేసినా మీ సాయం వృథా పోదు. సిమెంట్ ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది నీళ్ళతో కలిసి గట్టిపడుతుంది. ఆ తడి ముందే ఆరిపోతే ఎంత మంచి సిమెంట్ వాడినా లోపల బలం రాదు, పైన బీటలు వస్తాయి. కాంక్రీట్‌కు ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంట్ అయితే కనీసం 7 రోజులు, మనకు దుకాణాల్లో ఎక్కువగా దొరికే, బూడిద కలిపిన పీపీసీ సిమెంట్ అయితే 10 రోజులు తడి ఉండాలి. వేడి, పొడి వాతావరణంలో మామూలు సిమెంట్‌కైనా 10 రోజులు, పీపీసీకైతే 14 రోజులు మంచిది. మే నెలలో నెల్లూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, 14 రోజులే లెక్క పెట్టుకోండి. గోడలకూ అదే శ్రద్ధ పెట్టండి.

కూలీకి పోయే ఇంటివాళ్ళు పొద్దున ఒకసారి నీళ్ళు చల్లి పోతారు, సాయంత్రం వచ్చి చూస్తే గోడ తెల్లగా ఎండిపోయి ఉంటుంది. మీరు ఇద్దరిద్దరు జట్లుగా పంచుకోండి. పొద్దున ఆరింటికి ఒక జట్టు, పదకొండుకు ఒక జట్టు, సాయంత్రం అయిదుకు ఇంకొకటి. పాత గోనెసంచులు పది పదిహేను సంపాదించి, తడిపి గోడ మీద వేలాడదీయండి. పిల్లర్లకు చుట్టి తాడుతో కట్టండి. గోనె ఉంటే ఒక బిందె నీళ్ళు చేసే పని, గోనె లేకుంటే నాలుగు బిందెలైనా చేయవు. మధ్యాహ్నం వెళ్ళి అరచేయి వెనక వైపు గోడకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే సరే, వెచ్చగా ఉంటే ఆలస్యం చేశారన్నమాట. నీళ్ళు పట్టిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో టైము రాసి సంతకం పెట్టండి. సంతకం ఉంటే ఎవరూ ఎగ్గొట్టరు.

కొత్త కాలనీల్లో కొళాయి ఉండదు. పనికి ముందే రెండు డ్రమ్ములు తెచ్చి పెట్టి, ట్యాంకర్ ఎప్పుడొస్తుందో పంచాయతీలో మాట్లాడుకోండి. ఈ ఏర్పాటు కాకుండా గోడ మొదలుపెట్టనివ్వకండి.

స్లాబ్ రోజు

వారం ముందే కవర్ బ్లాకులు తయారు చేయండి. ఒక వంతు సిమెంట్, రెండు వంతుల ఇసుక కలిపి, పళ్ళెంలో ముప్పావు అంగుళం మందాన పరిచి, రెండంగుళాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో బైండింగ్ వైరు గుచ్చి, గట్టిపడ్డాక నీళ్ళలో వేయండి. స్లాబ్ ఇనుము చెక్కకు ఆనకుండా ఇవి కింద నుంచి ఎత్తి పట్టుకుంటాయి. చాలా చోట్ల వీటి బదులు కంకర రాళ్ళు పెడతారు, కూలీలు తొక్కగానే రాయి జారి ఇనుము కిందికి ఆనుతుంది. రెండేళ్ళకు స్లాబ్ అడుగున చువ్వల గీతలు తుప్పు రంగులో కనిపిస్తాయి. గ్లౌజులు వేసుకుంటే ఈ బ్లాకులు బడి పిల్లలు కూడా చేయగలరు.

25 చదరపు మీటర్ల ఇంటికి నాలుగంగుళాల స్లాబ్ అంటే సుమారు ఇరవై, ఇరవై అయిదు బస్తాల సిమెంట్ పడుతుంది. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ళలో సిమెంట్, ఇసుక, కంకర. కాంక్రీట్ కలిపే మిల్లర్ దగ్గర మీలో ఒకరు నీళ్ళ కొలతకు మాత్రమే నిలబడండి. బస్తాకు 30 లీటర్లకు మించకూడదు, అంటే 15 లీటర్ల బకెట్లు రెండు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. పల్చగా ఉంటే తొందరగా జారుతుందని ఇంకో చెంబు పోయమని పై నుంచి అరుస్తారు. పోయకండి. నీళ్ళు ఎక్కువైన కొద్దీ స్లాబ్ బలం తగ్గుతుంది. మేస్త్రీని ముందే ఒప్పించుకుని ఉంటే అక్కడ గొడవ ఉండదు.

తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెడితే ఎండ ముదిరే లోపు పెద్ద భాగం అయిపోతుంది. మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు దగ్గర కారుతుంది. మజ్జిగ, నీళ్ళు, అన్నం ఏర్పాటు ఒకరు చూసుకోండి.

18 ఏళ్ళు నిండని వాళ్ళు పరంజా ఎక్కకూడదు, మిల్లర్ దగ్గరికీ పోకూడదు. అందరికీ హెల్మెట్, బూట్లు ఉండాలి. సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది, గ్లౌజులు వేసుకోండి, మీద పడితే వెంటనే కడగండి. ఇంటి మీదుగా కరెంటు తీగలు పోతుంటే ఆ రోజు కాదు, ముందే లైన్‌మన్‌తో మాట్లాడాలి.

మర్నాడు పొద్దున స్లాబ్ మీద మట్టితో చిన్న చిన్న గట్లు వేసి మడులు కట్టి నీళ్ళు నిలబెట్టండి. నారుమడికి నీళ్ళు పెట్టడం తెలిసిన ఊళ్ళలో ఇది ఎవరికీ నేర్పక్కర్లేదు. అవ్వ ఈ పని మా చేత చేయించలేదు. మెల్లగా నిచ్చెనెక్కి, పార అడిగి తీసుకుని, తనే మడులు కట్టింది.

సెంట్రింగ్ ఊడదీయడానికి తొందర పెడతారు, అద్దె పెరుగుతుందని. 15 అడుగుల లోపు గదికి పోటుకర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలన్నది ప్రమాణం. మేము చిన్న గదికైనా 14 రోజులు ఉంచుతాం. ఆ అద్దె ముందే లెక్కలో వేసుకోండి.

స్లాబ్ పడ్డాక

ఇక్కడే కుర్రాళ్ళు మానేస్తారు. ఇల్లు అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ తలుపు, కిటికీలు, గచ్చు, మరుగుదొడ్డి లేకపోతే చివరి ఫొటో పడదు, చివరి బిల్లు రాదు. స్లాబ్ పడిన వారంలోనే ఆర్సీ ఫొటో తీయించి, ఆ బిల్లు వచ్చాక తలుపు, మరుగుదొడ్డి ముందు పెట్టించండి. ప్లాస్టరింగ్ బయట వైపు తర్వాతైనా ఫర్వాలేదు. కరెంటు మీటరుకు దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా పేరు పట్టాలో ఉన్నట్టే ఉండాలి.

అడిగి తెచ్చిన గమేళాలు, పారలు, డ్రమ్ములు ఆ సాయంత్రమే కడిగి ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి. సిమెంట్ పట్టిపోయిన గమేళా తిరిగిచ్చారంటే, రెండో ఇంటికి ఎవరూ ఇవ్వరు.